బ్యాటరీకి పానకం లెక్క

మంగళగిరిలో మా వీధి చివర ఒక చీరల వ్యాపారి ఉన్నాడు. మగ్గాల దగ్గర చీరలు పోగేసుకుని, మూట కట్టి, బెజవాడ వన్‌టౌన్ కొట్లకు వేసి వస్తాడు. పెట్రోలు ఖర్చు భరించలేక ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నాడు. రోజూ వారధి దాటి వెళ్లడం, రావడం. ఇంటికి రాగానే సీటు ఎత్తి బ్యాటరీ ఊడదీసి, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా లోపలికి తెచ్చి, మంచం పక్కన ప్లగ్గుకు తగిలిస్తాడు. మొన్న మే నెలలో ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని అడిగాడు.

“మాష్టారూ, నాకొకటి అర్థం కాదు. మిట్టమధ్యాహ్నం ఎండలో, ఇంత బరువేసుకుని తిప్పితే ఏమీ కాని బ్యాటరీ, తీసుకొచ్చి ఫ్యాను కింద పెట్టాక పేలుతుందంటారేంటండీ? పని చేసేటప్పుడు రాని జబ్బు అన్నం తినేటప్పుడు వస్తుందా?”

అతనికి తెలియకుండానే ప్రశ్నలో సగం జవాబు చెప్పేశాడు. జబ్బు నిజంగా అన్నం తినేటప్పుడే వస్తుంది.

ఇది ఊరికే పుట్టిన భయం కాదు. 2022 ఏప్రిల్ 23 తెల్లవారుజామున విజయవాడ సూర్యారావుపేటలో ఒక ఇంట్లో, పడకగదిలో చార్జింగ్‌కు పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలింది. ఇంటాయన చనిపోయాడు, కుటుంబం కాలిన గాయాల పాలైంది. అదే వారంలో నిజామాబాద్‌లో మరో ఇంట్లో అలాగే చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. రెండూ ఏప్రిల్‌లోనే, రెండూ ఇంట్లోనే, రెండుసార్లూ మనుషులు నిద్రలో ఉన్నప్పుడే.

చుట్టచుట్టిన బట్ట

బ్యాటరీ అని మనం పిలిచే పెట్టెలో ఉన్నది ఒక బ్యాటరీ కాదు, పదుల సంఖ్యలో చిన్న చిన్న సెల్స్. ఎక్కువ స్కూటర్లలో అవి టార్చిలైటు సెల్ కంటే కాస్త పొడుగ్గా ఉండే గొట్టాలు. బాగా వాడుకలో ఉన్న ఒక రకం అడ్డం 18 మిల్లీమీటర్లు, పొడవు 65.

ఆ గొట్టాన్ని విప్పి చూస్తే (ఇంట్లో ఎవరూ చూడకూడదు, నా మాట నమ్మండి) మగ్గం మీద నేసిన బట్ట కర్రకు చుట్టుకున్నట్టు పొడవాటి రేకులు చుట్టచుట్టి ఉంటాయి. రాగి రేకు మీద గ్రాఫైట్ పూత. అల్యూమినియం రేకు మీద లిథియం కలిసిన లోహాల పొడి. రెండూ తగలకుండా మధ్యలో పలచటి ప్లాస్టిక్ పొర. ఆ పొర మందం మన తల వెంట్రుకలో మూడో వంతు, నాలుగో వంతు ఉంటుందంతే. వీటన్నిటినీ తడుపుతూ ఒక ద్రవం ఉంటుంది. అది నీళ్లు కాదు, నిప్పు తగిలితే మండే సాల్వెంట్.

బండి నడిచేటప్పుడు లిథియం కణాలు గ్రాఫైట్ వైపు నుంచి రెండో రేకు వైపు వెళతాయి. చార్జింగ్ పెడితే వెనక్కి వస్తాయి. నేతలో నాడె ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరిగినట్టు వేలసార్లు ఇదే రాకపోక. ఈ ఏర్పాటు కోసం దశాబ్దాలు శ్రమించిన గుడ్ఎనఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. సోనీ కంపెనీ 1991లో దీన్ని బజారులోకి తెచ్చింది. అప్పుడు కెమెరా కోసం చేసిన సరుకును ఇప్పుడు మనం చీరల మూటలు మోయించడానికి వాడుతున్నాం.

పరుగుకు 60, తిండికి 45

ఇక చీరల వ్యాపారి ప్రశ్నకు వద్దాం.

సెల్ తయారుచేసినవాళ్లు ఇచ్చే కాగితం మీద సాధారణంగా రెండు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి. సెల్ నుంచి కరెంటు వాడుకోవడానికి సుమారు 60 డిగ్రీల వరకు పరవాలేదు. సెల్‌లోకి కరెంటు ఎక్కించడానికి మాత్రం 45 డిగ్రీలే హద్దు. పని చేయడానికి ఓర్చుకునే వేడి వేరు, తిండి తినడానికి ఓర్చుకునే వేడి వేరు.

ఎందుకంటే, సెల్ ఖాళీ అయ్యేకొద్దీ నెమ్మదిస్తుంది, నిండేకొద్దీ చిరాకుపడుతుంది. చార్జ్ అవుతున్నప్పుడు ఒక రేకు నుంచి లిథియం తరలిపోతుంటే అక్కడి కట్టడం, వాసాలు ఒక్కొక్కటే పీకుతున్న ఇంటిలా బలహీనపడుతుంది. ఇంకో వైపు గ్రాఫైట్ నిండా లిథియం చేరి, పక్కనున్న ద్రవంతో కలబడటానికి సిద్ధంగా ఉంటుంది. ఈ కలబాటును ఆపేది గ్రాఫైట్ మీద తనంతట తానే కట్టుకున్న ఒక సన్నని పొర. కాగిన పాల మీద మీగడ కట్టినట్టు ఇది మొదటి చార్జింగ్‌లోనే కడుతుంది. ఈ మీగడ ఉన్నంతకాలం సెల్ క్షేమం. వేడికి అది చెదురుతుంది, మళ్లీ కడుతుంది. కట్టిన ప్రతిసారీ కొంత లిథియాన్ని మింగేస్తుంది. మూడేళ్ల బండి కొత్తప్పుడు వచ్చినన్ని కిలోమీటర్లు రాకపోవడానికి పెద్ద కారణం ఇదే.

ఇప్పుడు మన ఊరి సంగతి చూడండి. మే నెలలో బెజవాడలో 42, 43 డిగ్రీలు మామూలు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. ఎండలో నిలబెట్టిన స్కూటర్ సీటు కింద 50 దాటడం పెద్ద విశేషమేమీ కాదు. పైగా వారధి మీద పరుగెత్తిన వేడి. ఇంటికి చేరాక బయట పెట్టె చల్లగా తగిలినా, గుత్తిలా పేర్చిన సెల్స్‌లో మధ్యవాటి వేడి దిగడానికి చాలాసేపు పడుతుంది. అన్నం గిన్నె అంచు చల్లారినా నడుమ పొగలు కక్కినట్టు. రోడ్డు మీద ఉన్నప్పుడు గాలైనా తగిలేది, మంచం పక్కన అదీ లేదు. సరిగ్గా ఆ సమయంలో ప్లగ్ పెడతాం. పాత వేడికి చార్జింగ్ వేడి తోడవుతుంది, కడుపు నిండుతుంది, చూసేవాళ్లు నిద్రపోతారు.

రసాయన చర్యల విషయంలో ఒక మోటు లెక్క ఉంది. 10 డిగ్రీలు పెరిగితే వేగం దాదాపు రెట్టింపు. చలిదేశాలవాళ్లు రాసిన జాగ్రత్తల్లో సగం మంచులో చార్జింగ్ గురించే ఉంటాయి. గడ్డకట్టే చలిలో చార్జ్ చేస్తే లిథియం సూదుల్లా పేరుకుని ఆ ప్లాస్టిక్ పొరను పొడిచే ప్రమాదం ఉంది మరి. కృష్ణా డెల్టాలో మనకా బెడద లేదు. మన పుస్తకం వేరే రాసుకోవాలి, అందులో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వేడే ఉంటుంది.

మీగడ కరిగిన రాత్రి

మంచి సెల్, మంచి కాపలా ఉంటే పై వేడివల్ల ఆయుష్షు తగ్గుతుందే తప్ప మంట రాదు. మంట రావడానికి లోపల ఏదో తప్పు కలవాలి: తయారీలో పడిన లోహపు నలుసు, కిందపడి నొక్కుకుపోయిన మూల, హద్దు దాటిన చార్జింగ్, లోపలికి చేరిన నీరు. వీటివల్ల ఏదో ఒక సెల్ ఒకచోట కాగుతుంది. సుమారు 80, 90 డిగ్రీల దగ్గర మీగడ పొర విడిపోవడం మొదలవుతుంది. అది విడిపోతూ తానే వేడి పుట్టిస్తుంది. 130 ప్రాంతంలో ప్లాస్టిక్ పొర కరుగుతుంది, రేకులు రెండూ తగులుతాయి. 200 దాటాక కొన్నిరకాల రేకులు ఆక్సిజన్ వదులుతాయి.

ఈ చివరి మెట్టు దగ్గర కాసేపు ఆగాలి. పొయ్యిలో మంట ఆర్పాలంటే గాలి అందకుండా చేస్తాం, గోనెపట్టా కప్పుతాం. ఇక్కడ ఆ ఉపాయం పారదు. ఈ మంట తన ఊపిరి తానే వెంట తెచ్చుకుంది. ఒక సెల్ వేడి పక్క సెల్‌కు, దాని వేడి ఆ పక్కదానికి. దీపావళి నాడు సీమటపాకాయల దండ కాలినట్టు సాగిపోతుంది. 3 యూనిట్ల స్కూటర్ బ్యాటరీలో దాచిన విద్యుత్తు, లెక్కకు పావుకిలో వంటగ్యాసులో ఉండే శక్తికి దగ్గరగా ఉంటుంది. ద్రవం, ప్లాస్టిక్ కాలే వేడి దానికి అదనం.

అన్ని లిథియం బ్యాటరీలూ ఒకే రకం కాదన్న సంగతి కూడా తెలిసి ఉండాలి. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన రకం తక్కువ బరువులో ఎక్కువ కిలోమీటర్లు ఇస్తుంది, కాని వేడికి త్వరగా తలొగ్గుతుంది. ఇనుము, ఫాస్ఫేట్ కలిసిన ఎల్ఎఫ్‌పీ రకం బరువెక్కువ, కాని ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటుంది, అదుపు తప్పడానికి మరింత వేడి కావాలి. మన ఎండలకు నన్నడిగితే రెండోదానికే ఓటు. కొనేటప్పుడు రంగు గురించి పది ప్రశ్నలు అడిగేవాళ్లు ఈ ఒక్కటీ అడగరు.

కొండ మీద స్వామి లెక్క

మంగళగిరి కొండ మీద పానకాల నరసింహస్వామికి బెల్లం పానకం పోయడం చూశారు కదా. పూజారి శంఖంతో నోట్లో పోస్తుంటే గుటగుటమని శబ్దం వస్తుంది. ఆ శబ్దం ఆగిందంటే స్వామికి చాలని అర్థం. బిందె పెద్దదైనా చిన్నదైనా సగమే తీసుకుని మిగతా సగం భక్తుడికి ప్రసాదంగా వదిలేస్తాడని నమ్మకం. కొండలో నిప్పు ఉందని, దాన్ని చల్లార్చేందుకే ఈ పానకమని కూడా పెద్దలు చెబుతుంటారు. కథ సంగతి ఎలా ఉన్నా, లిథియం బ్యాటరీ ఉన్న ప్రతివాడూ ఈ సగం లెక్క నేర్చుకోవాలి.

సెల్ 100 శాతం నిండి, వేడిలో ఊరికే కూర్చోవడం దానికి అన్నిటికంటే పెద్ద శిక్ష. కోబాల్ట్ రకం సెల్స్ గురించి ఈ రంగంలో తరచు చెప్పే లెక్క ఒకటుంది. 40 డిగ్రీల వేడిలో ఏడాదిపాటు పూర్తి చార్జితో ఉంచితే సెల్ సామర్థ్యంలో సుమారు 35 శాతం పోతుంది. అదే వేడిలో 40 శాతం చార్జితో ఉంచితే పోయేది 15 శాతమే. బండి అడుగు కదపకుండానే ఇంత తేడా.

అందుకే మామూలు రోజుల్లో 20 నుంచి 80 మధ్య తిప్పుకోవడం మంచిది. చార్జర్ కూడా అలాగే పోస్తుంది. మొదట జోరుగా, సుమారు 80 దాటాక చుక్కచుక్కగా. ఆ చివరి 20 శాతానికి పట్టే సమయం చూస్తేనే తెలుస్తుంది, సెల్ ఎంత కష్టంగా మింగుతోందో. రేపు గుంటూరు దాకా వెళ్లే పని ఉంటే నిండా ఎక్కించుకోండి, తప్పేం లేదు. కాకపోతే నిండిన గంటలోనో రెండు గంటల్లోనో బయల్దేరేలా చూసుకోండి. రాత్రి 8కే నింపి పొద్దున దాకా ప్లగ్గుకు వేలాడదీయడం వద్దు.

ఎల్ఎఫ్‌పీ వాళ్లకు ఒక మినహాయింపు. ఆ రకంలో నిండుతున్న కొద్దీ వోల్టేజీ పెద్దగా మారదు. ఎంత మిగిలిందో బండి కంప్యూటర్ అంచనా తప్పుతుంది. అందుకని చాలా కంపెనీలు వారానికొకసారి నిండా చార్జ్ చేయమంటాయి. బండితోపాటు ఇచ్చిన పుస్తకంలో ఏముందో అదే పాటించండి.

కడుపు నిండా ఉంటే మరో నష్టం కూడా ఉంది. 2022 సెప్టెంబరులో తిరుపతి, తిరుమల మధ్య ఎలక్ట్రిక్ బస్సులు మొదలయ్యాయి. ఘాట్ దిగేటప్పుడు మోటారే బ్రేకులా పనిచేసి కొంత కరెంటును తిరిగి బ్యాటరీలోకి పంపుతుంది. బ్యాటరీ నిండుగా ఉంటే ఆ కరెంటుకు చోటు ఎక్కడిది? కొండ దిగేవాడు కాస్త ఖాళీ కడుపుతో దిగాలి.

[పెట్టె] 48 అనే అంకె చేసే మోసం

పాత ఈ-రిక్షా చార్జరు, కొత్త స్కూటర్ చార్జరు, రెండింటి మీదా 48 వోల్టులు అనే రాసి ఉంటుంది. పిన్ను కూడా సరిపోతుంది. అక్కడే ప్రమాదం. 12 వోల్టుల లెడ్ బ్యాటరీలు 4 కలిపితే 48. వాటిని నింపే చార్జరు సుమారు 58 వోల్టుల దాకా వెళుతుంది. లిథియంలో 13 సెల్స్ వరసగా కలిపితే దానికీ 48 అనే పేరు. కాని సెల్‌కు 4.2 వోల్టులకు మించకూడదు కాబట్టి 13 సెల్స్‌కు హద్దు 54.6. లెడ్ చార్జరు తగిలిస్తే ఒక్కో సెల్ మీద 4.4 దాటుతుంది. మధ్యలో కాపలా ఉన్న సర్క్యూట్ ఆపాలి. ఆ సర్క్యూట్ పాడైతే ఇంకెవరూ లేరు. చార్జరు పోతే అదే కంపెనీది, అదే మోడల్‌ది కొనాలి. బీసెంట్ రోడ్డులో వేరేది సగం ధరకు దొరికినా సరే.

పంక్తిలో చిన్న గ్లాసు

ఆ కాపలా సర్క్యూట్‌నే బీఎంఎస్ అంటారు. దాని పని అర్థం కావాలంటే పంక్తిలో వరసగా పెట్టిన గ్లాసులు ఊహించుకోండి. అన్నిట్లో ఒకే కొలత మజ్జిగ పోయాలి, వేరు మార్గం లేదు. గ్లాసులన్నీ పైకి ఒకేలా ఉన్నా, ఒకటి అడుగున కాస్త నొక్కుకుపోయింది. మిగతావి నిండకముందే అది పొర్లుతుంది. సెల్ విషయంలో పొర్లడమంటే హద్దు దాటడం. బీఎంఎస్ ఒక్కో వరసనూ గమనిస్తూ, చిన్న గ్లాసు నిండగానే పోయడం ఆపిస్తుంది. వేడి పెరిగినా ఆపిస్తుంది. ఎండాకాలం ప్లగ్ పెట్టగానే చార్జింగ్ ఎక్కకపోతే బండి చెడిందని తిట్టుకోకండి. కాపలాదారు మేలుకుని ఉన్నాడని అర్థం.

2022 ప్రమాదాల తరవాత కేంద్ర ప్రభుత్వం ఏఐఎస్-156 అనే ప్రమాణాన్ని కఠినం చేసింది. ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి మొదటి విడత, 2023 మార్చి 31 నుంచి రెండో విడత అమల్లోకి వచ్చాయి. ప్యాక్ లోపల ఉష్ణోగ్రత సెన్సర్లు, తెలివైన బీఎంఎస్, లోపల వేడి అదుపు తప్పితే వెలుగుతోనూ శబ్దంతోనూ హెచ్చరిక, నీటిలో మునిగినా తట్టుకునే పరీక్ష ఇందులో ఉన్నాయి. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు తయారీ తేదీ చూడాల్సింది ఇందుకే.

[పెట్టె] ఇన్వర్టర్ బుద్ధులు

మన ఇళ్లలో బ్యాటరీ అంటే మొదట తెలిసింది ఇన్వర్టర్‌ది. అది లెడ్ బ్యాటరీ. ఎప్పుడూ నిండుగా ఉంటేనే దానికి సుఖం, సగం ఖాళీగా వదిలితే పలకల మీద పొట్టు కట్టి చస్తుంది. నీళ్లు పోయాలి. చార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది కాబట్టి గాలి ఆడాలి. పాత సెల్‌ఫోన్ల కాలంలో మరో మాట అలవాటైంది, పూర్తిగా దించాకే ఎక్కించాలని. అది నికెల్ కాడ్మియం సెల్స్‌కు చెప్పిన మాట. ఈ రెండు బుద్ధులూ లిథియం దగ్గర పనికిరావు. దీన్ని నిండా ఉంచకూడదు, సున్నాకు దించకూడదు. మరీ దించి నెలల తరబడి వదిలేస్తే లోపలి రాగి కరిగి, మళ్లీ చార్జ్ చేసినప్పుడు ఎక్కడపడితే అక్కడ పేరుకుని షార్ట్ అవుతుంది. ఊరెళ్లేటప్పుడు సగం చార్జితో, నీడలో పెట్టి వెళ్లండి. నెలకోసారి ఎవరినైనా చూడమనండి.

గోడలో దాగిన వేడి

చాలా ఇళ్లలో తప్పు బ్యాటరీది కాదు, గోడది. స్కూటర్ చార్జరు లాగేది 3, 4 ఆంపియర్లే. మిక్సీ కూడా అంతే లాగుతుంది కదా అంటారు. మిక్సీ 5 నిమిషాలు తిరుగుతుంది, ఇది 5 గంటలు. వదులైన సాకెట్, సన్నని ఎక్స్‌టెన్షన్ తీగ ఆ 5 గంటలూ మెల్లగా కాగుతూనే ఉంటాయి. కరెంటు రెట్టింపైతే తీగలో వేడి నాలుగింతలు అవుతుంది కాబట్టి, ఒకే తీగకు రెండు బండ్లు తగిలించడం అసలు పనికిరాదు. సాకెట్ చుట్టూ ప్లాస్టిక్ పసుపు తిరిగిందంటే ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిన రోజు దాటిపోయిందన్నమాట. 15 ఆంపియర్ల సాకెట్, దానికి విడిగా ఎంసీబీ, లీకేజీ కనిపెట్టే ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్ ఉండాలి. వేసవి గాలివానకు మెరుపులు మొదలైతే ప్లగ్ తీసేయండి.

బుడమేరు నీళ్లు తాగిన బండ్లు

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో నిలిచాయి. వీధుల్లో బండ్లు హ్యాండిల్ దాకా మునిగాయి. మన బ్యాటరీకి ఐపీ 67 ఉందని ధైర్యపడేవాళ్లు ఆ అంకె వెనుక ఏముందో తెలుసుకోవాలి. 7 అనే గుర్తుకు అర్థం మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు. మూడు రోజులని కాదు. లోపలికి చేరిన మురుగునీరు ఎండిపోయినా, ఉప్పూ మట్టీ చారలుగా మిగులుతాయి. ఆ చారల మీదుగా కరెంటు దారి వెతుక్కుంటుంది, లోహం తుప్పుపడుతుంది. ఉపద్రవం ఆ రోజు రాదు, వారం తరవాతో నెల తరవాతో వస్తుంది. 2022లో ఇయన్ తుపాను తరవాత అమెరికాలోని ఫ్లోరిడాలో ఉప్పునీట మునిగిన ఎలక్ట్రిక్ కార్లు అలాగే ఆలస్యంగా అంటుకున్నాయి. బందరు, అవనిగడ్డ వైపువాళ్లు ఇది గట్టిగా గుర్తుంచుకోవాలి. మునిగిన బండిని ఆరబెట్టి స్టార్ట్ చేసి చూడటం, చార్జింగ్ పెట్టి చూడటం, రెండూ వద్దు. గోడకు, పక్క బండ్లకు దూరంగా ఆరుబయట పెట్టి సర్వీసు వాళ్లను పిలవండి.

[పెట్టె] పొగ కనిపిస్తే

బుస్సుమనే శబ్దం, గోళ్లరంగు లాంటి తియ్యటి ఘాటు వాసన, ఉబ్బిన పెట్టె. ఇవి ముందు గుర్తులు. ఒక్కోసారి వీటికీ మంటకూ మధ్య నిమిషం కూడా ఉండదు. మెయిన్ స్విచ్ చేతికందేంత దగ్గర్లో ఉంటే ఆపేసి, అందరినీ బయటికి పంపి, తలుపు మూసి 101కి ఫోను చేయండి. బ్యాటరీని ఎత్తి బయట పడేద్దామని చేతుల్లోకి తీసుకోకండి. పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ లాంటి విషవాయువులు ఉంటాయి. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు రేగి 8 మంది చనిపోయారు. మెట్ల మీదుగా పైకి పాకిన పొగ వాళ్లకు దారి లేకుండా చేసింది. మెట్ల కింద, గుమ్మం దగ్గర చార్జింగ్ పెట్టొద్దనేది ఇందుకే. పొడి చల్లే చిన్న సిలిండర్ మంటను కాసేపు అణుస్తుంది, వేడిని తీయలేదు. ఈ మంటను చల్లార్చాలంటే అగ్నిమాపక బండి తెచ్చేంత నీళ్లు కావాలి.

చీరల వ్యాపారికి ఇవన్నీ ఒక్క సాయంత్రంలో చెప్పలేదు, చెప్పినా వినేవాడు కాదు. అతను పట్టుకున్నది రెండే. మంచం పక్క నుంచి ప్లగ్గు వరండాలోకి మారింది, కొత్త తీగ గోడ బయట నుంచి వచ్చింది. ఇంటికి రాగానే బ్యాటరీ తీసి గచ్చు మీద పెట్టి స్నానానికి పోతాడు. అన్నం తిన్నాక వెనక్కి తిప్పిన చేత్తో, పిల్లల జ్వరం చూసినట్టు, పెట్టె వీపు తాకి చూస్తాడు. చల్లగా ఉంటేనే ప్లగ్. పడుకునే వేళకు 80 చేరితే తీసేస్తాడు.

మొన్న మళ్లీ వచ్చాడు, ఈసారి వేరే అనుమానం. “బ్యాటరీ ముసలిదైపోతోంది మాష్టారూ. పాతసామాను వాడు వెయ్యి రూపాయలిస్తానంటున్నాడు, ఇచ్చేయనా?” వద్దన్నాను. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం, వాడేసిన వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారుది. పాతసామాను అంగట్లో సుత్తితో కొట్టే వస్తువు కాదది, చచ్చినా లోపల ఎంతో కొంత చార్జి మిగిలే ఉంటుంది. డీలరుకు ఫోను చేయమన్నాను. “వాళ్లు ఎంతిస్తారో కనుక్కుంటా” అని బండి తీశాడు. సీటు కింద పాత బ్యాటరీ, సీటు మీద చీరల మూట.